ఆరు గంటల ఆకలి

బిడ్డా,

పార్సిల్ విప్పగానే సర్వపిండి మీద పడతావని తెలుసు. తింటూనే ఇది చదువు. ఫోన్లో చెబుదామంటే "ఊఁ బాపూ, సరే బాపూ" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మొన్న నువ్వు పంపిన ఫోటో చూశాను. మూడు డబ్బాలు, మూడు నెలల విటమిన్ల కిట్టు, 4,800 రూపాయలు, పైన లివర్ బొమ్మ. "ఇది వాడితే తాగాలనిపించదట, కొనాలా బాపూ?" అని అడిగావు. నువ్వు తాగుడు మానేసి 42 రోజులైంది. ఇక్కడ మీ అమ్మ క్యాలెండర్లో పాల లెక్క పక్కనే రోజూ ఒక టిక్కు పెడుతోంది.

పైసల గురించి కాదురా. ఇలాంటి మందు ఒకటి ఇంతకుముందే మన ఇంట్లోకి వచ్చింది. 2004లో, నువ్వు నాలుగో తరగతి. బస్టాండు దగ్గర ఒకడు మీ అమ్మకు 300 రూపాయలకు ఒక పొట్లం అంటగట్టాడు. తాగేవాడికి తెలియకుండా కూరలో కలిపితే చాలన్నాడట. పప్పులో కలిపింది. ఆ సాయంత్రం నేను మామూలుగానే క్వార్టర్ తాగాను. కాసేపట్లో మొహం మంటలెత్తింది, గుండె దడదడ, ఒకటే వాంతులు. మోరీ పక్కన కూలబడ్డాను. డైసల్ఫిరామ్ అని ఒక మందు ఉంటుందని, అది వేసుకున్నవాడు తాగితే ఇట్లాగే అవుతుందని తర్వాత డాక్టరు చెప్పాడు. గుండె, లివర్ పరీక్షించి, మనిషికి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందట అది. చాటుగా పెడితే ప్రాణం మీదికి వస్తుందట. ఆ పొట్లంలో ఉన్నది అదో, ఇంకేమిటో ఎవరికి తెలుసు? మీ అమ్మను నేను ఒక్క మాటా అనలేదు. అప్పటికి పుస్తెలు తప్ప అన్నీ తాకట్టులోనే ఉన్నాయి. ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఆ భయంతో ఒక్కసారిగా మానేశాను, ఎవరికీ చెప్పకుండా. అది ఇంకా పెద్ద తప్పు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు డాక్టరు లేకుండా అట్లా ఆపకూడదట. మర్నాడే చేతిలో టీ గ్లాసు నిలవలేదు. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. నర్సంపేట నుంచి జీపులో వేసుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయారు. వార్డు గోడ మీద చీమలు బారులు కట్టి పోతున్నాయని నేను గోల చేస్తుంటే, మీ నాయనమ్మ కొంగుతో ఆ ఉత్త గోడ తుడుస్తూ కూర్చుంది.

అక్కడ గ్లూకోజు పెట్టే ముందే ఒక సూది ఇచ్చారు. సెలైన్ సీసాలో ఇంకేదో మందు కలిపితే నీళ్లన్నీ పసుపు రంగుకు తిరిగాయి. బలం మందేమో అనుకున్నాను. తేరుకున్నాక డాక్టరు విడమరిచి చెప్పాడు. ఏళ్లకేళ్లు తాగితే పేగులు బి1 విటమిన్‌ను సరిగా పట్టుకోవు. బి1 లేని ఒంట్లోకి గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. నడక తూలుతుంది, మతి పోతుంది, కొందరికి అది మళ్లీ తిరిగి రాదు. అందుకే ముందు బి1, అదీ మాత్రగా కాదు, సూదిగా.

"ఏం పని చేస్తావు?" అని అడిగాడు. రైస్ మిల్లు అన్నాను. నవ్వాడు. "నీకు కావాల్సింది మీ మిల్లులోనే తవుడులో పోతోంది కదయ్యా!" నిజమే. బియ్యం ఎంత తెల్లగా పాలిష్ పడితే మాకు అంత రేటు. తవుడు నూనె మిల్లుకు, బర్రెలకు. వడ్లు ఉడికించి ఆడించే ఉప్పుడు బియ్యంలో బి1 కొంత గింజలోకి ఇంకి మిగులుతుందట. అది మనం ముట్టం, లారీలకెత్తి వేరే రాష్ట్రాలకు పంపుతాం. పదేళ్లు నా వీపు మీద మోసిన బస్తాల్లో ఉన్నదాన్నే చివరికి సూదిలో ఎక్కించుకున్నాను.

కాబట్టి విటమిన్లు వట్టివి అని నేననను. నీకు డాక్టరు రాసిన బి1, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానకు. తాగుడు ఒంట్లోంచి తినేసినదాన్ని అవి పూడుస్తాయి. తాగాలనే కోరికను తీసేస్తాయని మాత్రం నమ్మకు. హన్మకొండలో తాగుడు మానేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు పోయే రోజుల్లో ఒక పెద్దమనిషి చెప్పాడు. 1935లో ఆ సంఘాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడైన బిల్ విల్సనే చివరి ఏళ్లలో బి3 విటమిన్ మీద ఎంతో ఆశ పెట్టుకున్నాడట. డాక్టర్లకు దాని గురించి కాగితాలు పంపాడట. సంస్థ మాత్రం మా పేరు మీద వద్దంది. అంతటివాడికే ఆశ పుట్టినప్పుడు నీకు పుట్టడం వింతేం కాదు. కానీ ఫోటో పెద్దది చేసి చూశాను, నీ కిట్టులో ఆ బి3యే 500 మిల్లీగ్రాములు అని చిన్న అక్షరాల్లో ఉంది. ఎక్కువ మోతాదులో అది లివర్‌కే చేటు. విటమిన్ ఎ కూడా అంతే. నీ లివర్ రిపోర్టు నాకు గుర్తుంది. ఆ రిపోర్టు, ఈ ఫోటో రెండూ మీ డాక్టరుకు చూపించు. ఆయన సరే అంటే 4,800 నేనే పంపుతాను.

ఇంకొకటి. నాకు తాగాలనిపించేది సరిగ్గా సాయంత్రం ఆరింటికి, మిల్లు దిగి వచ్చేటప్పుడు. దారిలోనే బెల్టు షాపు. అందులో సగం ఆకలేనని చాలా రోజులకు గాని తెలియలేదు. పొద్దున తొమ్మిదింటికి తిన్న అన్నం, ఆ తర్వాత అన్నీ టీలే. ఆ సంగతి మీ నాయనమ్మే కనిపెట్టింది. ఐదున్నరకల్లా చెంబులో అంబలి పట్టుకుని మిల్లు గేటు దగ్గర నిలబడేది. హమాలీలంతా నవ్వేవాళ్లు. సిగ్గుతో గుటగుటా తాగేసేవాణ్ణి. కడుపు నిండాక ఆ షాపు ముందు నుంచి నడవడం కొంచెం తేలికయ్యేది. రోజూ కాదు. రెండుసార్లు అంబలి తాగి మరీ లోపలికి పోయాను. మీ నాయనమ్మకు చెప్పలేదు, నీకు చెబుతున్నా.

నువ్వూ ఆఫీసు వదిలే ముందే ఏదైనా తిను. పల్లిపట్టీలు అందుకే పెట్టాం, పల్లీల్లో బి1, బి3 రెండూ ఉన్నాయి. రెండు ఉడకబెట్టిన గుడ్లు దొరికితే ఇంకా మంచిది. తీపి మీద యావ పుడుతుంది, నాలాగా జిలేబీల బండికి వాడుక పెట్టకు. రాత్రి ఎప్పుడైనా మనసు ఆగకపోతే 14416కు ఫోన్ చెయ్యి, టెలి మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోన్ సాయం, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. లేదా నాకు చెయ్యి. నాకు రెండింటి తర్వాత నిద్ర ఉండదు.

సర్వపిండి రెండు రోజుల్లో తినెయ్, మెత్తబడితే బాగుండదు. స్టీలు డబ్బా మాత్రం మర్చిపోకు. పోయినసారి పంపింది కూడా నీ దగ్గరే ఉందని మీ అమ్మ గుర్తు చేస్తోంది. వచ్చేటప్పుడు రెండూ పట్టుకురా.

మీ బాపు