మ్యూనిక్‌లో పాత సైకిల్ కొనేవాళ్లకి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వింటర్ సెమిస్టర్‌కి వచ్చిన చాలామంది సైకిల్ గురించి అడుగుతున్నారు. కొత్తది అక్కర్లేదు, సెకండ్‌హ్యాండ్ చాలు. ముందు పాసింగ్ ఏరియాలో హాలే 2 చూడండి. అది నగర చెత్త సేకరణ విభాగం నడిపే పాత సామాన్ల షాపు, సైకిళ్లూ ఉంటాయి. అక్కడ దొరక్కపోతే క్లైన్‌ఆన్‌త్సైగెన్ అనే పాత వస్తువుల ప్రకటనల వెబ్‌సైట్‌లో వెతకండి.

ఆన్‌లైన్‌లో చూసి కొనేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త. తెలియక కొన్నా సరే, దొంగ సైకిల్ జర్మన్ చట్టం ప్రకారం మీది కాదు. అసలు ఓనర్ వస్తే ఇచ్చెయ్యాల్సిందే, డబ్బు కోసం అమ్మినవాడి వెంట మీరే తిరగాలి. అందుకే ఫ్రేమ్ మీద నంబర్ చూడండి. చెరిపేసి ఉంటే ఎంత చవకైనా వదిలెయ్యండి. నంబర్, ధర, తేదీ, అమ్మేవాళ్ల పేరు, అడ్రస్ కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. రాయనన్నవాళ్ల దగ్గర కొనొద్దు. సైకిల్ చూడకుండా అడ్వాన్స్ అసలు పంపొద్దు.

ఇక్కడ చాలా సిటీ సైకిళ్లకి పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మనకి ఆ అలవాటు ఉండదు, కాబట్టి రోడ్డెక్కే ముందు ఖాళీ స్థలంలో తొక్కి చూడండి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. లైటు లేకుండా చీకట్లో తొక్కితే ఫైన్ 20 యూరోలు, ఫోన్ చేతిలో పట్టుకుంటే 55. ఫైన్ సంగతి అలా ఉంచితే, నవంబర్‌లో ఐదింటికే చీకటి పడుతుంది. కారు నడిపేవాళ్లకి మీరు కనబడాలి, నా టెన్షన్ అదే.

తాళం దగ్గర పిసినారితనం వద్దు. సైకిల్ చూడ్డానికి ఎవరికైనా తోడు కావాలంటే మెసేజ్ పెట్టండి, సాయంత్రాలు నేను వస్తాను.