లాంజ్ పెట్టె జ్ఞాపకాల ఏడాది: 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది. ఈసారి నియమం లేకపోయినా రాసేదాన్నే. చెప్పుకోవలసిన పని జరిగింది, చేసినవాళ్ల కష్టం నలుగురికీ తెలియాలి. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

శాన్ హోసే తెలుగువాళ్లం రైళ్ల మీద ఇష్టంతో పెట్టుకున్న సంఘం ఇది, ఆశయాలు మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పది నెలవారీ సమావేశాలు అనుకున్నాం, ఎనిమిది జరిగాయి. జూలై, ఆగస్టుల్లో సగం మంది ఇండియాలో ఉంటారని తెలిసీ పెట్టుకోవడం మాదే పొరపాటు. వచ్చే ఏడాది ఆ రెండు నెలలూ వదిలేస్తాం. శాక్రమెంటోలోని కాలిఫోర్నియా రాష్ట్ర రైల్‌రోడ్ మ్యూజియంకి ఒకసారి వెళ్లాం. 1937 నాటి సూపర్ చీఫ్ రైలు భోజనశాల పెట్టె అక్కడుంది. బల్లల మీద పేర్చిన పింగాణీ పళ్లేలు చూసి మనవాళ్లు అరగంట కదల్లేదు. శరదృతువులో నైల్స్ కాన్యన్ పాత రైలెక్కాం. ఆ రైలును నడిపేది మొదటినుంచి చివరిదాకా స్వచ్ఛంద సేవకులే. టికెట్లు చించేవాళ్లూ, ఇంజిను తుడిచేవాళ్లూ అందరూ సెలవు రోజున ఇళ్లు వదిలి వచ్చినవాళ్లే. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కింద తెలుస్తుంది.

ఉగాది సమావేశంలో పిల్లలు చేసిన ప్రదర్శన గురించి రెండు మాటలు. 'రైల్లో పొద్దుపోయేదెలా' అని అంశం ఇచ్చాం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి, 1935లో ఇంగ్లండులో లండన్ కింగ్స్ క్రాస్ నుంచి లీడ్స్ వెళ్లే రైలుకు సినిమా పెట్టె తగిలించిన సంగతి చెప్పింది. అది మా పెద్దవాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఇంకో బాబు, ఒకప్పుడు సిటీ ఆఫ్ లాస్ ఏంజెలస్ రైల్లో తిరిగిన 'లిటిల్ నగ్గెట్' లాంజ్ పెట్టె (ప్రయాణికులు సీట్లు వదిలి వచ్చి కబుర్లాడుకునే పెట్టె) బొమ్మ గీసుకొచ్చాడు. సెలవులకు లాస్ ఏంజెలస్ వెళ్లినప్పుడు గ్రిఫిత్ పార్కులోని ట్రావెల్ టౌన్‌లో దాన్ని చూశాడట. ఆ పిల్లల తల్లిదండ్రులకు సంఘం తరఫున ధన్యవాదాలు.

ఇక అసలు పని. పసిఫిక్ పార్లర్ కార్ ఎక్కినవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. కొత్త సభ్యుల కోసం కొంచెం చెబుతాను. లాస్ ఏంజెలస్, సియాటిల్ మధ్య తిరిగే కోస్ట్ స్టార్‌లైట్ రైలుకు 2018 ఫిబ్రవరి దాకా ఆ పెట్టె ఉండేది. 1956లో బడ్ కంపెనీ, శాంటా ఫే రైల్వే వారి ఎల్ కాపిటాన్ రైలు కోసం కట్టిన రెండంతస్తుల లాంజ్ పెట్టెలవి. అమెరికాలో ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ వాటిని 1990లలో ముస్తాబు చేసి ఈ రైలుకు తగిలించింది. పై అంతస్తులో చుట్టూ తిరిగే కుర్చీలు, చిన్న బారు, పుస్తకాల అర, బల్ల మీద ఆడుకునే ఆటలు. మధ్యాహ్నం దాటాక ఈ తీరంలో పండిన ద్రాక్ష సారాయాలు, జున్ను రుచి చూపించేవారు. కింది అంతస్తులో బుల్లి సినిమా హాలు. అరవై ఏళ్లు దాటిన పెట్టెలు, మరమ్మతుల ఖర్చు పెరిగిపోయిందని చెప్పి ఆపేశారు.

ఆ పెట్టెకు రంగులు వేసిన రోజుల్లోనే మనవాళ్లు వై2కె (2000 సంవత్సరం రాకముందే కంప్యూటర్లలో తేదీల లోపం సరిచేసే) పని మీద శాన్ హోసేలో గుంపులుగా దిగారు. మనకూ దానికీ చుట్టరికం అలా కలిసింది. అయితే పార్లర్ కార్‌లోకి స్లీపర్ (ఇక్కడ ఖరీదైన పడక గది) టికెట్ ఉన్నవాళ్లనే రానిచ్చేవారు. బ్రహ్మచారులకు అంత టికెట్ ఎక్కడిది? అమ్మానాన్నలు ఆర్నెల్లకని వచ్చినప్పుడు, కారులో అంతదూరం కూర్చోలేరని, మొదటిసారి స్లీపర్ కొన్నాం. అందుకే మన సంఘంలో ఎవరిని ఆ పెట్టె గురించి అడిగినా మాట అమ్మ దగ్గరో నాన్న దగ్గరో మొదలవుతుంది.

27 మందిని రికార్డు చేశాం. మొత్తం పందొమ్మిది గంటలు. నేను అన్నీ విన్నాను, కొన్ని రెండుసార్లు విన్నాను.

తెనాలి దగ్గర పల్లె నుంచి లెక్కల మాస్టారొకరు వీడియో కాల్‌లో మాట్లాడారు. ఆయనకిప్పుడు ఎనభై నాలుగు. 1999లో కొడుకు ఆయన్నీ భార్యనూ సియాటిల్ రైలెక్కించాడు. కుర్చీ తిప్పి చూసి, "మా ఊళ్లో మోతుబరి ఇంట్లో కూడా ఇలాంటిది లేదే" అన్నారట భార్యతో. గ్లాసులు వచ్చాయి. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఊరికే కూర్చోవడం మర్యాదగా ఉండదనిపించి, సంచిలోంచి జంతికల డబ్బా తీసి మూత విప్పారు. ఎదుటి కుర్చీలో దంపతులు ఒకటి తీసుకున్నారు, వెనక కుర్చీవాళ్లు లేచి వచ్చారు. "మూత మళ్లీ పెట్టేసరికి నలుసు మిగల్లేదమ్మా. మా ఆవిడ ఇరవై రోజులకని చేసుకొచ్చింది" అన్నారు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడాలి. పాతికేళ్లయినా ఆ సంబరం తగ్గలేదు.

మన సభ్యురాలొకరు తల్లితో కలిసి కింది హాల్లో సినిమాకు కూర్చున్నారు. తల్లికి ఇంగ్లీషు రాదు. 'వాడెవడే, ఎందుకేడుస్తోందే' అని ఆవిడ అడుగుతుంటే ఈవిడ చెవిలో చెబుతున్నారు. ముందు వరుసలో పెద్దావిడ వెనక్కి తిరిగింది. గోల చేస్తున్నామని కసురుతుందేమో అనుకున్నారట. ఆవిడ అడిగింది ఒక్కటే: "మీ అమ్మగారు ఏమంటున్నారు?" అక్కణ్నుంచి ఆ కథ ఎటు పోతుందో తల్లి ముందే ఊహించి చెప్పడం, కూతురు ఇంగ్లీషులో అనడం, ఆ వరుసంతా వినడం. తల్లి చెప్పినట్టే కథ ముగిసిందట.

అందరికీ ఆ భాగ్యం లేదు. మామూలు టికెట్ మీద వెళ్లిన కుర్రాళ్లు సైట్‌సీయర్ లాంజ్‌లో కూర్చునేవారు. గోడలంతా అద్దాలుండే ఆ పెట్టె ఇప్పటికీ ఉంది. సాయంత్రాలు అక్కడ చిన్న టీవీల్లో సినిమా వేసేవారు. పొద్దుగుంకే వెలుగు అద్దాల మీద పడి తెర కనిపించేది కాదనీ, అప్పుడు అందరూ టీవీకి వీపు తిప్పి కిటికీ వైపు జరిగేవారనీ ముగ్గురు వేర్వేరుగా చెప్పారు. అప్పట్లో కోస్ట్ స్టార్‌లైట్‌లో పిల్లలు ఆడుకునే గది ఉండేది. నాలుగేళ్లప్పుడు అందులో ఆడుకున్న అబ్బాయికి ఇప్పుడు సొంత కొడుకు. అతనికి గుర్తున్నది మెట్లు మాత్రమేనట, దిగడం ఎక్కడం, దిగడం ఎక్కడం.

వింటూ ఒక లెక్క వేసుకున్నాను. 27 మందిలో ఆ రైల్లో ఏ సినిమా చూశారో పేరు చెప్పగలిగినవాళ్లు నలుగురు. పక్కన ఎవరు కూర్చున్నారో, ఏం మాట్లాడారో, ఏం పెట్టారో మాత్రం 27 మందీ చెప్పారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మనకు లాంజ్ పెట్టె లేదు. సూట్‌కేసు మోకాళ్ల మీద పెట్టుకుని దాని మీద పేకాట, రాజమండ్రి వంతెన మీద చిల్లర కోసం వెతుకులాట, పక్క ఊరి పెళ్లి సంబంధం కబురు. ఎదురెదురుగా కూర్చోబెడితే చాలు, మిగతాది మనుషులే చూసుకుంటారు. పార్లర్ కార్ కుర్చీలను ఎదురెదురుగా తిప్పుకునే వీలు పోయిందని బాధపడేవాళ్లే ఈ రికార్డింగుల్లో ఎక్కువ. తెర పోయినందుకు బాధపడ్డవాళ్లు ఒక్కరూ లేరు.

మే నెల ప్రయాణం గురించి చెప్పకపోతే ఈ నివేదిక నివేదికే కాదు. మన సంఘం పుట్టాక ఇంత చక్కని కార్యక్రమం జరగలేదని నా నమ్మకం. శాన్ హోసే నుంచి శాంటా బార్బరాకు 34 మంది, అందులో డెబ్భై దాటినవాళ్లు పదకొండు మంది. పొద్దున పది దాటాక ఎక్కి, సాయంత్రం దిగి, రాత్రి అక్కడ ఉండి మర్నాడు తిరుగు రైలు. సైట్‌సీయర్ లాంజ్ రైల్లో అందరిదీ, మనమే ఆక్రమించకూడదు. అందుకని ఆరుగురు చొప్పున, అరగంటకొక జట్టు పెట్టాం. పులిహోర పొట్లాలు సీట్ల దగ్గరే విప్పాం.

సలీనాస్ లోయలో పొలాలు మొదలయ్యేసరికి మన రైతు తాతలిద్దరూ కిటికీకి ముక్కు ఆనించారు. చాళ్ల మధ్య ఎడం చూసి ఒకరు నీళ్లెలా పెడుతున్నారో చెబుతుంటే రెండోవారు కాదంటారు. శాన్ లూయిస్ ఒబిస్పోకు ముందు క్వెస్టా ఘాటులో రైలు గుర్రపు నాడాలా వంపు తిరిగి, మన ఇంజిను మన కిటికీలోంచే కనిపించింది. విశాఖ నుంచి వచ్చిన మామ్మగారు "ఇదేముంది, మా అరకు రైలుకు 58 సొరంగాలు" అన్నారు. 2017 నుంచి ఆ దారిలోనూ అద్దాల పెట్టె తగిలించారు కదా, ఎక్కారా అని అడిగితే, అంత డబ్బు పోసి ఇక్కడికొచ్చి అద్దాల్లోంచి చూస్తున్నాను, అక్కడిది ఎప్పుడూ చూడలేదన్నారు. ఈ డిసెంబరులో ఎక్కి ఫోటో పంపారు. వెనక బల్ల మీద పెట్టాం, చూడండి.

ఆ మామ్మగారే మెల్లగా దంపుళ్ల పాట ఎత్తుకున్నారు. లాంజ్‌లో గోల కూడదని ముందే చెప్పాం కాబట్టి గొంతు పెంచలేదు. పాట అయ్యాక అవతలి కుర్చీలోంచి ఒక అమెరికన్ పెద్దాయన లేచి వచ్చి అర్థం అడిగారు. వడ్లు దంచేటప్పుడు పాడతారని చెప్పాం. ఆయన తన చిన్నతనం చెప్పారు. 1950ల చివర్లో తల్లితో ఎల్ కాపిటాన్ ఎక్కి చికాగో వెళ్లారట. పై అంతస్తు లాంజ్‌లో ఎవరో నోటితో వాయించే హార్మోనికా వాయిస్తే నిద్రకు పొమ్మన్నా పోలేదట. ఆ పెట్టెలే తర్వాత పార్లర్ కార్లయ్యాయని మన ఉపాధ్యక్షులు చెప్పగానే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మామ్మగారి చెయ్యి పట్టుకున్నారు. ఆయన అనుమతితో 28వ రికార్డింగు అక్కడే చేశాం. వాండెన్‌బర్గ్ రాకెట్ కేంద్రం దగ్గర పట్టాలు సముద్రం ఒడ్డుకు వచ్చేసరికి, మన జట్ల లెక్క ఎవరూ పట్టించుకోలేదు. చోటున్నచోట నిలబడ్డారు.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన సంగతి. ఆ పొద్దున పెద్దవాళ్లను ప్లాట్‌ఫారం మీద చూసుకోవడానికి తొమ్మిది మంది పేర్లిచ్చారు. వచ్చింది ముగ్గురు. చక్రాల కుర్చీలు ఆ ముగ్గురే తోశారు, సామాను వాళ్లే మోశారు, వాళ్లు పొట్లం విప్పింది మధ్యాహ్నం రెండు దాటాక. రాని ఆరుగురిలో ముందుగా ఫోన్ చేసింది ఒక్కరు. రికార్డింగులు కాగితం మీద పెట్టడానికి ఏప్రిల్‌లో ఎనిమిది మంది ఫైళ్లు తీసుకెళ్లారు. ఇవాళ్టికి కాగితమెక్కినవి ఆరు. ఆ ఆరూ నేనూ కోశాధికారి గారూ రాత్రిళ్లు కూర్చుని రాసినవి. పనులుంటాయి, పిల్లలుంటారు, నాకూ ఉన్నారు. కానీ ఈ ఏడాది మన పెద్దవాళ్లలో ఇద్దరు వెళ్లిపోయారు. ఒకరి గొంతు నలభై నిమిషాలు మన దగ్గర ఉంది. రెండోవారి దగ్గరికి వెళ్లాలనుకున్న ఆదివారం మైకు తెస్తానన్నవారు రాలేదు. మరో ఆదివారం చూద్దామనుకున్నాం, ఆ ఆదివారం రాలేదు. ఇది ఎవరినో నొప్పించాలని కాదు. నాకు నిద్ర పట్టలేదు, అందుకే చెబుతున్నాను.

పాత ఫోటోల ప్రదర్శన కోసం గోడ కావాలని ఒక కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాశాం. సంబంధిత అధికారికి పంపామని రెండుసార్లు జవాబొచ్చింది. ఆ అధికారి ఎవరో ఇప్పటికీ తెలియలేదు. చివరికి ఒక సభ్యుల గ్యారేజీలో పెట్టుకున్నాం, అరవై మంది వచ్చారు.

జమాఖర్చులు కోశాధికారి గారు పంచిన కాగితంలో ఉన్నాయి. ప్రయాణం ఖర్చు ఎవరిది వారే పెట్టుకున్నారు, సంఘానికి పడింది రికార్డింగు సామాను, హాలు అద్దె, భోజనాలు. 312 డాలర్లు మిగిలాయి. ప్రశ్నలుంటే ఆయన్ని అడగండి.

ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ముగ్గురికీ, పులిహోర కలిపిన నాలుగిళ్ల వారికీ, పందొమ్మిది గంటల శబ్దం శుభ్రం చేసిన కాలేజీ అబ్బాయికీ, గ్యారేజీ ఖాళీ చేసి ఇచ్చిన దంపతులకూ, ఫోటోల వెనక తేదీలు రాసిచ్చిన అత్తయ్యగారికీ, ఇండియాలో తెల్లవారుజామున లేచి వీడియో ముందు కూర్చున్న పెద్దలందరికీ సంఘం రుణపడి ఉంది. వాళ్ల పేర్లు చదవాలనుకున్నాను, వాళ్లే వద్దన్నారు.

వచ్చే ఏడాది కాలిఫోర్నియా జెఫిర్ రైల్లో శాక్రమెంటో నుంచి రీనో వెళ్లాలని ఆలోచన. ఆ దారిలో ఒకప్పుడు మ్యూజియం స్వచ్ఛంద సేవకులు ఎక్కి కొండల చరిత్ర చెప్పేవారు. పేర్లిచ్చేవాళ్లు వచ్చేవాళ్లే ఇవ్వండి. ఫైళ్లు తీసుకున్నవాళ్లు, రాయలేకపోతే ఫైలు తిరిగి ఇచ్చినా చాలు, ఇంకొకరికి ఇస్తాం. రికార్డింగుల కాపీలు కావాలంటే గుమ్మం దగ్గర పుస్తకంలో నెంబరు రాసి వెళ్లండి. 11వ నెంబరు జంతికల మాస్టారిది. భోజనాలయ్యాక వినిపిస్తాం. ఆయన తెనాలి నుంచి వీడియోలో ఉంటారు, పలకరించండి.

ఇట్లు,
కార్యదర్శి