రోహిణి కార్తెకు నిలిచే ర్యామ్ టైమింగులే పెట్టుకోండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో గేమింగ్ పీసీ మొరాయిస్తే మా కడప కుర్రాళ్లు ముందు గ్రాఫిక్స్ కార్డును తిడతారు. డిసెంబరులో బాగా నడిచిన పీసీ మే నెలలోనే గేమ్ మధ్యలో ఆగిపోతుంటే, ర్యామ్ టైమింగులను, అంటే ర్యామ్ ఒక్కో పనికి ఎంతసేపు ఆగాలో చెప్పే అంకెలను కూడా అనుమానించాలి. ర్యామ్‌లో ప్రతి బిట్టూ చిల్లికుండలో నీళ్లలాంటిది. ఛార్జి కారుతూనే ఉంటుంది, అయిపోయేలోగా మళ్లీ నింపాలి. దాన్నే రీఫ్రెష్ అంటారు. వేడెక్కేకొద్దీ చిల్లి పెద్దదవుతుంది. డీడీఆర్4 రకం ర్యామ్‌లో ఒక రీఫ్రెష్ ఆదేశానికీ మరోదానికీ మధ్య వ్యవధి మామూలుగా 7.8 మైక్రోసెకన్లు, చిప్ 85 డిగ్రీలు దాటితే అందులో సగం. వీడియోలు చూసి ఇంటెల్ బోర్డుల్లో ఈ వ్యవధిని నిర్ణయించే టీరెఫీ అంకెను 65535కు పెంచేవాళ్లు 3200 వేగం దగ్గర ఆ వ్యవధిని ఏకంగా 41 మైక్రోసెకన్లకు సాగదీస్తున్నారు. ఏసీ గదిలో అది చెల్లవచ్చు. నాపరాళ్ల మిద్దె కింద, మధ్యాహ్నం మూడింటికి చెల్లదు.

అసలు వేగం కోసం టైమింగులను అంత బిగించాల్సిన పని ఎంతమందికుంది? అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ ఎన్ని క్లాక్ టిక్కులు తీసుకుంటుందో చెప్పేది సీఎల్. ఆ అంకెను 2000తో గుణించి ర్యామ్ వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది, తక్కువైతే మంచిది. 3200 సీఎల్16కు 10, 3600 సీఎల్18కీ 10, డీడీఆర్5 6000 సీఎల్30కీ అంతే. 3200 సీఎల్22 అయితే 13.75. కొనేటప్పుడు ఈ లెక్క చూసుకుంటే సగం ఓవర్‌క్లాకింగ్ (వేగం పెంచే పని) అంగట్లోనే అయిపోతుంది. తేడా కూడా ప్రాసెసర్ మీద భారం పడే 1080పీ గేముల్లో, అదీ ఎక్కువగా ఫ్రేములు ఉన్నట్టుండి పడిపోయే చోట తెలుస్తుంది. 4కేలో గ్రాఫిక్స్ కార్డే ఊపిరాడక ఉంటుంది కాబట్టి దాదాపు కనపడదు. ఒకే 16 జీబీ స్టిక్‌తో నడుపుతూ టైమింగులు దిద్దుకోవడం మాత్రం వృథా. రెండు 8 జీబీ స్టిక్కులు వేయండి, డేటా రెండు దారుల్లో నడుస్తుంది. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది. తర్వాత బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల తెరలో) ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగును ఆన్ చేయాలి. చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2400 దగ్గరో 2666 దగ్గరో కూర్చుంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే తెలిసిపోతుంది.

అయినా బిగిస్తామంటారా, ఒక్కసారికి ఒక్క అంకెనే మార్చండి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పాసైందని నమ్మవద్దు. అది నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు చల్లగా ఉంటుంది, గేమ్‌లోనేమో దాని వేడిగాలి నేరుగా ర్యామ్‌కు తగులుతుంది. విండోస్‌లో ర్యామ్‌ను పరీక్షించే టెస్ట్‌మెమ్5, గ్రాఫిక్స్ కార్డును వేడెక్కించే ఫర్‌మార్క్ రెండూ కలిపి, ఎండ ముదిరిన వేళ గంటసేపు నడపండి. సెన్సర్ ఉన్న ర్యామ్ అయితే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో వేడి కనిపిస్తుంది. అది 50 డిగ్రీలు దాటుతుంటే ముందు క్యాబినెట్ గాలి సంగతి చూడాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి తగ్గండి. 'గేమ్ ఆడుతోంది కదా' అని వదిలేస్తే ఆ తప్పు బిట్టు ఎస్ఎస్‌డీలోకీ ఎక్కి, విండోస్ ఫైళ్లనే పాడుచేయవచ్చు.

బూట్ కాకపోతే ప్లగ్గు పీకి, మదర్‌బోర్డు మీది సీమాస్ క్లియర్ (బయోస్ సెట్టింగులు చెరిపే) పిన్నులను స్క్రూడ్రైవర్‌తో కొన్ని క్షణాలు కలిపితే సెట్టింగులు మొదటికొస్తాయి. డీడీఆర్5 విషయంలో తొందర పనికిరాదు. టైమింగులు మార్చాక మెమరీ ట్రెయినింగ్‌కు, అంటే బోర్డు ర్యామ్‌తో సరిపోయే సర్దుబాట్లు వెతుక్కోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. చెడిపోయిందనుకొని స్విచ్ కట్టేస్తే ట్రెయినింగ్ మళ్లీ మొదటి నుంచి.

– ఒక కంప్యూటర్ మెకానిక్, కడప