మా జీరో బిల్లు మింగిన దొంగ ప్రోగ్రాం

సంపాదకులకు,

సైబర్ మోసం అనగానే లక్షలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలే పేపర్లో వస్తాయి. మా ఇంట్లో పోయింది నెలకు యాభై యూనిట్ల కరెంటు. అదీ చెప్పుకోవాల్సిందే అనిపించి రాస్తున్నాను.

ఖమ్మంలో ఇంటి దగ్గరే డీటీపీ చేస్తాను. పెళ్లి కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు. నెలకు 200 యూనిట్ల వరకు ఇళ్లకు ఉచితంగా కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం 2024 మార్చిలో మొదలైనప్పటి నుంచి మాకు జీరో బిల్లే. నూట డెబ్బై యూనిట్లు దాటిన నెల లేదు. అలాంటిది మొన్న శ్రావణంలో రీడింగు 214 వచ్చింది. 200 దాటితే పైన ఉన్న పద్నాలుగుకే కాదు, మొత్తానికీ కట్టాలి కదా. పన్నెండొందల దాకా అయింది. మా ఆయన ఫ్రిజ్ మీద పడ్డారు. అత్తయ్య మాత్రం పక్కింటివాళ్లు మన వైరుకు కొక్కెం తగిలించారని తేల్చేశారు.

ఓ రాత్రి మంచినీళ్లకు లేచాను. సీపీయూ ఫ్యాను పప్పు రుబ్బుతున్న గ్రైండరులా రొద పెడుతోంది. పాత మిషను ఆన్ కావడానికి పావుగంట పడుతుందని రాత్రిళ్లు మానిటరు ఒక్కటే ఆపుతాను. పనేమీ లేకుండా దీనికింత ఆయాసం ఎందుకు? డబ్బా మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, ఏ ప్రోగ్రాం ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచాను. అంతే, ఫ్యాను నెమ్మదించింది. సీపీయూ వాడకం నాలుగు శాతం! మూసేశాను. రెండు నిమిషాల్లో మళ్లీ అదే రొద. మూడుసార్లు చేసి చూశాను. లైటు వేయగానే స్టవ్ కిందకు దూరే బొద్దింకలాంటిదేదో లోపల ఉందని అప్పుడు అర్థమైంది.

ఒక షాపతను దుమ్ము దులిపి మూడొందలు తీసుకున్నాడు. ఇంకో షాపులో చూడకుండానే "ఫార్మాట్ కొట్టాలక్కా" అన్నారు. వీళ్లకు తలనొప్పికీ జ్వరానికీ ఒకటే మందు. పదేళ్ల పెళ్లి కార్డుల ఫైళ్లన్నీ అందులోనే ఉంటే ఫార్మాట్ ఎలా కొట్టిస్తాను?

వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు ఫోన్లో ఒక్కొక్కటీ చెప్పి చేయించాడు. ముందు నెట్ తీసేయించాడు. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది, అంటే యాంటీవైరస్ వెతకకూడని చోట్ల జాబితా. అందులో సీ డ్రైవ్ మొత్తం ఉంది! నేను పెట్టింది కాదు. వాచ్‌మన్‌కు గంతలు కట్టి మరీ దొంగతనం అన్నమాట. టాస్క్ షెడ్యూలర్‌లో ఏదో అప్‌డేట్ పేరుతో ఓ పని కనిపించింది. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లోని ఒక ఫైలును అది నడుపుతోంది. రెండూ తీసేశాం. నెట్ పెట్టి విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను అప్‌డేట్ చేసి, ఆఫ్‌లైన్ స్కాన్ ఇచ్చాం. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దొంగకు దాక్కునే వీలుండదట. కాయిన్‌మైనర్ దొరికింది. నా కంప్యూటరుతో, నా కరెంటుతో ఎవరికోసమో మొనేరో లాంటి క్రిప్టో నాణేలు తవ్విపెట్టే ప్రోగ్రాం అది. ఇలాంటివి పాస్‌వర్డులు కూడా లాగుతాయని, మెయిల్‌ది, బ్యాంకుది ఫోన్ నుంచి మార్చేశాను.

ఎలా వచ్చిందో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. డీటీపీలో వాడే పాత అను ఫాంట్ల మేటర్‌ను, ఫోన్లలోనూ నెట్‌లోనూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాంకు క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ, దించుకున్నాను. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ 1234. విప్పితే "ముందు యాంటీవైరస్ ఆపండి" అని రాసి ఉంది. నా చేత్తో నేనే ఆపాను. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేదే యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా అని తర్వాత తెలిసింది. మా లైన్‌లో క్రాక్ వాడనివాళ్లు తక్కువ. కొనమంటే, కార్డుకు వచ్చే నాలుగు డబ్బుల్లో ఎక్కడి నుంచి తెస్తాం?

మీరు వారానికో రోజు ఓ అర పేజీ ఇలాంటివాటికి ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రం పెట్టి, వైరస్‌లు తొలగించే టూల్స్ ఉచితంగా ఇస్తోందని మా షాపులవాళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

ఈ నెల రీడింగు 168, జీరో బిల్లు. అత్తయ్య మాత్రం పక్కింటివాళ్లు భయపడి కొక్కెం తీసేశారనే అంటున్నారు.

- ఒక డీటీపీ ఆపరేటర్, ఖమ్మం