మొనాకో ఎందుకు పెట్టలేదంటే

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ప్రియమైన నేస్తానికి,

మొన్న ఫోనులో నువ్వు ఒక్క మాటలో తేల్చేశావు, ‘మొనాకో పెట్టేయరా, పని అయిపోతుంది’ అని. గుడి దగ్గర మైకు మోతలో ఉన్నాను, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పిల్లలు ప్రోగ్రాములు రాసే మా అభ్యాస పేజీలోకి ఏస్, మొనాకో, కోడ్‌మిర్రర్ అనే మూడు ఎడిటర్లలో (బ్రౌజర్‌లోనే ప్రోగ్రాము రాసుకునే పెట్టెలవి) దేన్ని తేవాలా అని మూడు వారాలుగా రాత్రుళ్లు దీనిమీదే కూర్చున్నాను. అందుకని తీరుబడిగా రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే ఏమీ అనుకోకు.

ముందు మా గది సంగతి చెప్పాలి. సాయంత్రం ఆరింటికి పదిహేనుమంది వస్తారు. ఉన్నవి నాలుగు పాత కంప్యూటర్లు. మిగిలిన పదకొండుమందీ ఫోన్లలోనే రాస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పాతపట్నం నుంచి ఇద్దరు సైకిళ్లమీద సరిహద్దు దాటి వస్తారు. హాస్టల్లో ఉండి చదువుకునే మరో ఇద్దరు సెరంగో వైపు పిల్లలు, వాళ్ల ఇంటి భాష సవర.

మొదట్లో మేము వేరే ఎవరిదో అభ్యాస సైటు వాడేవాళ్లం. ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి తన వీధిలో జనాభా లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాము రాస్తోంది. పైవరుసలో కామెంటుగా, అంటే తన గుర్తుకోసం రాసుకునే మాటగా, ‘స్త్రీల సంఖ్య, పురుషుల సంఖ్య’ అని రాసుకుంది. ‘పురుషుల’లో కొమ్ము తప్పు పడింది. దిద్దుదామని కర్సర్ అక్కడికి తెచ్చింది. గీత ‘పు’ పక్కనే మినుకుమంటోంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే పోయింది మాత్రం వెనక ఉన్న ‘సంఖ్య’లోని యకారం. మళ్లీ నొక్కింది, ఈసారి పొల్లు పోయింది. నాలుగుసార్లు చెరిపి రాసి, చివరికి ఆ వరుసంతా తీసేసి, ‘నాకు చేతకావడం లేదు సార్’ అంది. తప్పు తనదనుకుంది. ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

ఎందుకలా జరిగిందో వెతికాను. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్లు అక్షరాలకు వాడే సంకేతాల పట్టిక యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. సంకేతానికి ఒక గడి చొప్పున గళ్ల కాగితం మీద లెక్కవేసే ఎడిటర్ ఆ ఒక్క అక్షరానికే ఆరు గళ్లు ముందుకు జరుగుతుంది. తెరమీద మాత్రం అక్షరం రెండు గళ్లయినా నిండదు. వరుసలో ఒత్తులు పెరిగేకొద్దీ గీత అసలు చోటును విడిచి కుడివైపుకు పోతూ ఉంటుంది. ఇంగ్లీషులో రాసినంతకాలం ఇది ఎవరికీ కనబడదు. అందుకే ఎవరూ సరిచేయరు.

ఏస్ ఈ గళ్ల కాగితం పద్ధతిదే. అన్ని అక్షరాలూ ఒకే వెడల్పున్న ఫాంటు అయితేనే దాని లెక్క కుదురుతుంది. చైనా, జపాన్ లిపులకు రెండేసి గళ్లు ఇచ్చారు, మన ఒత్తులకు ఆ ఏర్పాటు లేదు. అయినా ఏస్ అంటే నాకు గౌరవమే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2009లో మొదలుపెట్టిన బెస్పిన్ అనే ఎడిటర్ తర్వాత స్కైరైటర్‌గా మారి, చివరికి దీనిలో కలిసింది. బ్రౌజర్‌లో కూర్చుని ప్రోగ్రాము రాయవచ్చని జనాన్ని నమ్మించినవాటిలో ఇదొకటి. ఇంగ్లీషు తప్ప మరేదీ రాయని చోట ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది.

ఇక నీ మొనాకో. ప్రోగ్రాములు రాసేందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే వీఎస్ కోడ్‌లో ఉన్న ఎడిటర్ అదే. జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో రాసేటప్పుడు అది పేర్లు అందించే తీరు, తప్పు చోట ఎర్రగీత గీసే తీరు మిగతా రెంటిలో పెట్టెలోంచి తీయగానే దొరకవు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న నలుగురికి అది వరమే. తెలుగు వరుసల్లో కూడా నా కంటికి ఏస్ కంటే చాలా నయం అనిపించింది. కానీ మొబైల్ బ్రౌజర్లలో దానికి మద్దతు లేదని తయారుచేసినవాళ్లే స్పష్టంగా రాసిపెట్టారు. పదకొండుమంది ఫోన్లలో రాసే చోట దాన్ని ఎలా పెట్టను? బరువు సంగతి వేరే ఉంది. దానికి కొన్ని మెగాబైట్లు దిగాలి. వానాకాలంలో ఇక్కడి సిగ్నలు ఎలా ఉంటుందో నువ్వు మరిచిపోయి ఉంటావు.

చివరికి కోడ్‌మిర్రర్ పెట్టాను, ఆరో వెర్షను. మరైన్ హావర్‌బెకే 2007లో మొదలుపెట్టి, తర్వాత మొత్తం కొత్తగా రాసి 2022లో ఈ వెర్షనును స్థిరపరిచాడు. ఇందులో నాకు నచ్చిన కిటుకు ఒకటుంది. ఏస్ వంటివి ఒక కనబడని పెట్టెలో కీబోర్డు అందించే అక్షరాలను పట్టుకుని, పాఠాన్ని వేరుగా బొమ్మ గీసినట్టు చూపిస్తాయి. ఫోను కీబోర్డుకు ఆ పాఠం కనబడదు. అందుకే సూచనలు తప్పుతాయి, వేలు ఆనించి పదాన్ని పట్టుకోవడం కుదరదు. కోడ్‌మిర్రర్ పాఠాన్ని నేరుగా బ్రౌజర్ చేతికే ఇస్తుంది. అక్షరం ఎంత వెడల్పో, గీత ఎక్కడ నిలవాలో బ్రౌజర్‌నే అడిగి తెలుసుకుంటుంది. తెలుగును అందంగా చూపడం బ్రౌజర్లకు ఎప్పుడో వచ్చు కదా! బ్రౌజర్‌లో ప్రోగ్రాములు రాయించే రెప్లిట్ సైటు కూడా మొనాకోను వదిలి దీనికి మారింది, ఫోన్లు అందులో ఒక ముఖ్య కారణం.

కష్టం లేదనుకోకు. ఇటుక, సున్నం విడివిడిగా తెచ్చుకుని ఇల్లు కట్టుకున్నట్టే. వరుస సంఖ్యలు ఒక భాగం, వెతుకులాట ఒక భాగం, పేర్లు అందించడం మరో భాగం. ఆ ఎర్రగీతల కోసం నాకు నాలుగు రాత్రులు పట్టింది. మొనాకోలో అయితే గంట పని, ఒప్పుకుంటాను.

సవర పిల్లల సంగతి విడిగా చెప్పాలి. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. 1936లో మంగయి గొమాంగో ఆ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి కల్పించారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. చేరిన చోటు మాత్రం మొదటి 65,536 సంకేతాల అవతల. అందుకని జావాస్క్రిప్ట్ ఆ లిపిలోని ఒక్క అక్షరాన్ని రెండుగా లెక్కపెడుతుంది. ‘నా పేరులో ఎన్ని అక్షరాలు’ అనే మా మొదటి పాఠంలో, ఆ సవర పిల్లల్లో ఒక అబ్బాయి తన లిపిలో రాసిన పేరుకు రెట్టింపు సంఖ్య వచ్చింది. వాడు వేళ్లమీద మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. ఆ పాఠాన్ని నేను మార్చి రాశాను, ఇప్పుడు వాడికీ సరైన జవాబే వస్తుంది.

గిట్‌హబ్ వాళ్ల కోడ్‌స్పేసెస్ మాటేమిటని అడిగావు. నెలకు 120 కోర్ గంటలు ఉచితం, అంటే రెండు కోర్ల యంత్రంమీద 60 గంటలు. అది ఎడిటర్ కాదు, దూరాన ఉన్న అద్దె కంప్యూటర్. నా కంప్యూటర్ పాడైనప్పుడు నాకు పనికొస్తుంది కానీ, ఈ పిల్లలకు ఇప్పుడే అక్కరలేదు. పైథాన్ భాష మొదలుపెట్టాక, దాన్ని బ్రౌజర్‌లోనే నడిపే గూగుల్ కొలాబ్ చూపిస్తాను.

ఆ అమ్మాయి నిన్న అదే వరుస మళ్లీ రాసింది, ఫోనులోనే. కొమ్ము దగ్గర వేలు పెట్టింది, దిద్దింది, తల ఎత్తకుండా తర్వాతి వరుసకు వెళ్లిపోయింది.

పండుగకు వస్తున్నానన్నావు కదా, నీ పాత ఐప్యాడ్ తప్పకుండా తీసుకురా. ఆపిల్ వాళ్ల బ్రౌజర్ సఫారీలో ఒడియా వరుసలు ఎలా ఉంటాయో ఇంకా చూడలేదు, మా గదిలో ఎవరి దగ్గరా ఆపిల్ ఫోను లేదు. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ,
పర్లాకిమిడి మిత్రుడు