నెలసరికి ముందు వారం గురించి నాలుగు మాటలు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్ వెనక పేజీలో ఉంది. ముందు పేజీ మాత్రం ఈసారి వేరే విషయానికి ఇచ్చాను. పేరెంట్స్ మీటింగ్ అయిపోయాక, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి కొందరు అడిగే విషయం ఇది. "మా అమ్మాయి ఉన్నట్టుండి చిటపటలాడుతోంది మేడమ్. ఏమన్నా అంటే ఏడుపు. నాలుగు రోజులకి మళ్లీ మామూలే." అడిగేది దాదాపు ఎప్పుడూ అమ్మలే. ఈ ఉత్తరం నాన్నలు కూడా చదవాలి.

నెలసరి గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మనం రక్తస్రావం రోజుల సంగతే చెబుతాం. ప్యాడ్ ఎలా పెట్టుకోవాలి, ఎన్ని గంటలకు మార్చాలి, కడుపునొప్పి వస్తే ఏం చేయాలి, అంతే. దానికి ముందు వచ్చే రోజుల ఊసే ఉండదు. దాంతో ఆ రోజుల్లో తనకేం జరుగుతోందో పిల్లకే అర్థం కాదు.

రక్తస్రావం మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కిస్తారు. టీనేజీ పిల్లల్లో 21 నుంచి 45 రోజులకు ఒకసారి నెలసరి రావడం మామూలే. మధ్యలో అండం విడుదలవుతుంది. అక్కడి నుంచి తర్వాతి నెలసరికి సుమారు 14 రోజులు. ఈ రెండో భాగంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ బాగా పెరిగి, చివరి రోజుల్లో ఈస్ట్రోజన్ అనే మరో హార్మోన్‌తో పాటు పడిపోతుంది. ఆ పెరుగుదల, తగ్గుదల ప్రభావం మెదడులో మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ లాంటి రసాయనాల మీద పడుతుంది.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. బాగా ఇబ్బంది పడే అమ్మాయికీ, ఏమీ తెలియకుండా గడిపేసే అమ్మాయికీ హార్మోన్ల మోతాదుల్లో పెద్ద తేడా ఉండదు. ఆ మార్పులకు మెదడు స్పందించే తీరులోనే తేడా. అందుకే "అందరికీ వచ్చేదే, నీకొక్కదానికే వచ్చిందా?" అన్న మాట పనికిరాదు. అక్కకు లేనిది చెల్లెలికి ఉండొచ్చు.

ఇంకో సంగతి. రజస్వల అయిన తొలి ఒకటి రెండేళ్లలో చాలా నెలలు అండం విడుదల కాకుండానే నెలసరి వచ్చేస్తుంది. అలాంటి నెలల్లో ప్రొజెస్టిరాన్ పెరగదు కాబట్టి ఈ బాధలూ సాధారణంగా కనిపించవు. పన్నెండేళ్లప్పుడు హాయిగా ఉన్న పిల్ల పదిహేనేళ్లకు ఇలా మారితే మనం వెంటనే ఫోన్‌ని తిట్టుకుంటాం. ఫోన్ చేసే చెడుపు ఉండనే ఉంది, కానీ అన్నీ దాని నెత్తిన వేయలేం.

ఒంట్లో కనిపించేవి చాలానే ఉంటాయి: రొమ్ముల్లో సలుపు, పొట్ట ఉబ్బరం, మొటిమలు, తలనొప్పి, నీరసం, నిద్ర సరిగా పట్టకపోవడం. కొందరికి ఆకలి మితిమీరుతుంది. క్లాసులో మాకు కనిపించేది వేరు. ఎప్పుడూ ముందుగా చెయ్యెత్తే అమ్మాయి, ఒకే లెక్కను కాగితం చిరిగేదాకా రబ్బరుతో చెరుపుతూ కూర్చుంటుంది. ఇంకో అమ్మాయి బ్యాగు భుజానికి వేసుకోకుండా చేత్తో మోసుకొస్తుంది, పట్టీ గుండెల మీద ఒరుసుకుంటే నొప్పి కనుక. అడిగితే "ఏం లేదు మిస్" అంటుంది.

ఇదేదో ఈ కాలం పిల్లల సుకుమారం అనుకునేవారికి చెబుతున్నాను. అమెరికా వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్ 1931లోనే దీని గురించి రాశారు. నెలసరికి ముందు వచ్చే ఈ బాధలకు ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్ అన్న పేరును 1953లో ఇంగ్లండ్ వైద్యులు కాథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ వాడుకలోకి తెచ్చారు.

అయితే రెండో తప్పు కూడా ఉంది, నాకు అదే ఎక్కువ చిరాకు. అమ్మాయికి కోపం వచ్చిన ప్రతిసారీ "డేట్ దగ్గరపడిందా?" అని నవ్వడం. తమ్ముడు అక్క డైరీ తీసి చదివితే అక్కకు ఏ రోజైనా కోపం వస్తుంది.

మరి ఏది ఏమిటో తేల్చుకోవడమెలా? రోజూ పడుకునే ముందు ఒక చిన్న నోట్‌బుక్‌లో తేదీ వేసి, ఒళ్లు ఎలా ఉంది, మనసు ఎలా ఉంది అన్నదానికి సున్నా నుంచి మూడు దాకా అంకె వేసుకోమనండి (ఇబ్బంది లేకపోతే సున్నా, ఎక్కువగా ఉంటే మూడు). కనీసం వరుసగా రెండు నెలసరులు రాయాలి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే లెక్క తప్పుతుంది. నెలసరికి ముందు అంకెలు పెరిగి, రక్తస్రావం మొదలైన కొద్ది రోజుల్లో దిగిపోయి, ఆపైన వారమైనా తేటగా ఉంటే అది నెలసరికి ముందు వచ్చే ఈ బాధే. నెల పొడుగునా అంకెలు పైనే ఉంటే కారణం వేరే ఉందన్నమాట. దిగులు జబ్బో, రక్తహీనతో, థైరాయిడో డాక్టర్ చూడాలి. ఆ నోట్‌బుక్ అమ్మాయిది. ఆమె చూపిస్తేనే చూడండి.

చాలామందికి వేళకు నిద్ర, రోజూ కాస్త వ్యాయామం, ఇంట్లో అర్థం చేసుకునే మనిషి ఒకరు ఉంటే గట్టెక్కుతుంది. ఎవరో చెప్పారని మాత్రలు కొనకండి. కొద్దిమందిలో ఇది తీవ్రంగా ఉండి చదువునూ స్నేహాలనూ చెడగొడుతుంది. దాన్ని పీఎండీడీ (ప్రీమెన్‌స్ట్రువల్ డిస్‌ఫోరిక్ డిజార్డర్) అంటారు, చికిత్స ఉంది. "బతకాలని లేదు" అన్న మాట నోట వస్తే మాత్రం నెలసరి రానీ చూద్దాం అనుకోవద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

స్కూల్ సంగతి. సిక్ రూమ్‌కి వెళ్తానన్న అమ్మాయిని టీచర్లు కారణం అడగరు, తేదీ అసలే అడగరు. ఆటల పీరియడ్‌లో పరుగు బదులు నడుస్తానంటే నడవనిస్తారు. పరీక్ష వాయిదా మాత్రం వేయలేం, మధ్యలో కాసేపు బయటికి వెళ్లి రావచ్చు.

ఈ పాఠం ఎనిమిదో తరగతి నుంచి అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకే గదిలో చెబుతాం. అభ్యంతరం ఉంటే చీటీ రాసి పంపకుండా నేరుగా నా గదికి రండి, మాట్లాడుకుందాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు