చెరువు, రిజిస్టర్, విత్తనాల గుల్ల: మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు ఇదే సభలో ఒక సభ్యురాలు లేచి, "చెరువు గురించి ఇన్ని కాగితాలు రాశారు, ఒక్కదానికైనా జవాబు వచ్చిందా?" అని నిలదీశారు. రాలేదు. అందుకే ఈ ఏడాది కాగితాలు తగ్గించి, మనకు సాయపడగలిగేవాళ్ళు ఎక్కడున్నారో, వాళ్ళ దగ్గరికి ఏం పట్టుకుని వెళ్ళాలో తెలుసుకోవడం మీద పడ్డాం. తిరిగి చూస్తే, సంగారెడ్డి జిల్లాలో ఉండి మనకు ఎవరూ లేరని బాధపడటం కాస్త విడ్డూరమే.

ముందు పక్షుల లెక్క. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి నడుస్తోంది, ఎవరైనా పాల్గొనవచ్చు, ఫీజు లేదు. రెండు ఆదివారాలు పొద్దున్నే కట్ట మీదికి చేరాం. మొదటి వారం మన లెక్క చూస్తే నవ్వొస్తుంది. నల్లగా కనిపించిన ప్రతిదాన్నీ నీటికాకి అని రాసేశాం, నామాల కోళ్ళను బాతుల్లో కలిపేశాం. చెరువులో వలేసే పెద్దాయన ఒకరు కాసేపు మా అవస్థ చూసి, "అది బుడుబుంగ. ఈడ మునుగుతది, మల్లొక కాడ లేస్తది. ఒక్కదాన్నే మూడుసార్లు రాస్తున్నవ్ బిడ్డా" అన్నాడు. రెండో వారం ఆయన్నే మా మధ్య కూర్చోబెట్టుకున్నాం. నత్తగుల్ల కొంగలు ఏ మూల మేస్తాయో, ఏ నెలలో కనబడకుండా పోతాయో ఆయనకు నోటికి తెలుసు. మన దగ్గర బైనాక్యులర్లున్నాయి, ఆయన దగ్గర నలభై ఏళ్ళ చూపుంది.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు సాగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో పిల్లలు పాల్గొన్నారు. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి చూసినవి ఈబర్డ్ యాప్‌లో ఎక్కిస్తే చాలు. మనం ఎక్కించినవేవీ వృథాగా పోవు. దేశమంతటా మనలాంటి ముప్పై వేల మందికి పైగా రాసిన లెక్కల మీదే 2023లో భారతదేశ పక్షుల స్థితి నివేదిక వచ్చింది. అందులో 942 జాతులను పరిశీలించి, 178 జాతుల మీద వెంటనే శ్రద్ధ పెట్టాలని తేల్చారు. కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ పిల్లలకు తెగ నచ్చింది. కుక్కర్ విజిల్ వినిపించి కూడా పరీక్షించారట, అది మాత్రం లొంగలేదు.

ఇక రిజిస్టర్ సంగతి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ, మునిసిపాలిటీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ చోటి చెట్లు, పక్షులు, పంటలు, మందు మొక్కలు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. పైన రాష్ట్ర మండలి, ఆ పైన చెన్నైలోని జాతీయ ప్రాధికార సంస్థ ఉన్నాయి. చట్టం వచ్చినా చాలాకాలం ఈ రిజిస్టర్లు ముందుకు కదల్లేదు. చివరికి 2020 జనవరి 31లోగా పూర్తి చేయాలని, లేకపోతే రాష్ట్రాలు నెలకు పది లక్షలు కట్టాలని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. గడువుకు రాసినవి ఎలా ఉంటాయో హోంవర్క్ చేయించే అమ్మానాన్నలకు తెలిసిందే. మనకు కావలసిన రిజిస్టర్ చూడటానికి ఒక ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాం. చూశాక నిరాశే మిగిలింది. చెరువు పక్షులంటే కొంగ, బాతు అని రెండు మాటల్లో తేల్చేశారు. అప్పుడే మన జనవరి లెక్క పనికొచ్చింది. తేదీ, చోటు, పేరు, సంఖ్య ఉన్న కాగితం బల్ల మీద పెడితే ఎదుటి మనిషి మాట తీరే మారింది. చేర్పులు తీసుకున్నారు. రిజిస్టర్‌లోకి ఎక్కాయో లేదో ఇంకా చూడాలి.

అమీన్‌పూర్ చెరువులాగా మన చెరువుకూ హోదా తెచ్చుకోలేమా అని కొందరు అడుగుతున్నారు. 2016లో ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో ఒక నగరపు నీటివనరుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. అడగడంలో తప్పులేదు, స్థానిక సంస్థలతో సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. కానీ బోర్డు పెట్టినంత మాత్రాన మురుగు కాలువ దారి మళ్ళదు. కనీసం మూడేళ్ళ పక్షుల లెక్క చేతిలో పెట్టుకుని అడుగుదామని కార్యవర్గం అభిప్రాయం.

సంక్రాంతి తర్వాత జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వెళ్ళిన ప్రయాణం గురించి నేను కాస్త ఎక్కువే చెబుతాను, క్షమించాలి. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువమంది దళిత రైతులు, పాత పంటల విత్తనాలు దాచి పంచుకుంటారు. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2019లో వాళ్ళకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్ళ విత్తనాల గుల్లల్లో, అంటే బుట్టల్లో, బూడిద, వేపాకు కలిపిన జొన్నలు, సామలు, కొర్రలు చూస్తుంటే మా అమ్మమ్మ ఇంటి అటక గుర్తొచ్చింది. ఇటు పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళ జన్యుబ్యాంకు ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి పంటల విత్తన నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా చల్లటి గదుల్లో దాచారు. రెండూ కావాలి. అయితే ఏటా నేలలో పడి మొలిచే విత్తనం మీదే నాకు మనసు పోయింది. అక్కణ్ణుంచి తెచ్చిన అనుములు పార్కు కంచె వెంబడి వేశాం, కాశాయి కూడా. కోతులకు కూడా నచ్చాయి.

పాములు కనిపిస్తే కర్ర తీయకండి. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లకు ఫోన్ చేయండి, నంబరు వాచ్‌మన్ గదిలో అంటించాం. ఈ ఏడాది వచ్చిన జెర్రిపోతు ఎలుకల కోసమే వచ్చింది. చెత్త తగ్గిస్తే ఎలుకలూ, పామూ రెండూ తగ్గుతాయి. మంజీర అభయారణ్యం ట్రిప్పు వర్షం వల్ల రద్దయింది, ముందుగా కట్టిన డబ్బు తిరిగిచ్చేశాం.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. రెండు బైనాక్యులర్లలో ఒకటి ఎవరి ఇంట్లోనో ఉండిపోయింది, దయచేసి తెచ్చివ్వండి. వచ్చే జనవరి గణనకు పొద్దున ఆరున్నరకల్లా తూము దగ్గర కలుద్దాం. వలేసే పెద్దాయనకు చెప్పి ఉంచాం. ఆయనకు టీ ఎవరు తెస్తారో ఇప్పుడే పేరు ఇవ్వండి.

కార్యదర్శి